ఎత్తుకొనలేని తల్లి

ఈ నెల కుటుంబ పాఠమును ఆరంభించుటకు ముందు నిర్గమకాండము పదునేడవ అధ్యాయములో అమాలేకీయులతో జరిగిన యుద్ధమును, రూతు గ్రంథము చివరి అధ్యాయమును ఇంటిలో ఒకరు బిగ్గరగా చదువగా మిగిలినవారు వినవలెనని కోరుచున్నాము. ఆ భాగములకును మేము చెప్పబోవు సంగతికిని సంబంధమేమని మొదట తోచకపోవచ్చును. చదివి మనస్సులో ఉంచుకొనుడి. సమయము వచ్చినప్పుడు వాటియొద్దకు వత్తుము.

మేము దర్శించు సంఘములలో ఒకదానియందు ఇరువది యేడు సంవత్సరముల సహోదరి యొకతె కలదు. మగబిడ్డను కనిన కొన్ని నెలలకే ఆమెకు కాళ్లును ముఖమును వాచెను. రక్తపు పోటు హెచ్చెను. పరీక్షింపగా రెండు మూత్రపిండములును చెడిపోయినవని తేలినది. వారమునకు మూడుమారులు, మారునకు నాలుగేసి గంటలు, యంత్రముపై రక్తమును శుద్ధిచేయించుకొనుచు ఆమె ఏడాది గడిపెను. తరువాత ఆమెను కన్నతల్లియే తన మూత్రపిండములలో ఒకదానిని ఇచ్చెను. పట్టణములో శస్త్రచికిత్స జరిగి, ఆస్పత్రికి సమీపమున అద్దె గదిలో మూడు నెలలుండి, ఆమె ఇల్లు చేరెను. ఆ మూడు నెలలు బిడ్డ ఊరిలో నాయనమ్మయొద్ద ఉండెను. వాడికప్పుడు ఇరువది నెలలు.

ఆమె గుమ్మములో అడుగు పెట్టినప్పుడు వాడు పరుగెత్తుకొని రాలేదు. నాయనమ్మ చీర కుచ్చిళ్లలో ముఖము దాచుకొనెను. మందుల వలన తల్లి ముఖము గుండ్రముగా ఉబ్బియుండెను; ముక్కునకు నోటికి గుడ్డ కట్టియుండెను. ఈమె ఎవరో వాడికి తెలియలేదు. రెండు దినములు గడిచిన పిమ్మట గొంతును బట్టి గుర్తించి, మంచము దగ్గరకు వచ్చి, రెండు చేతులును పైకి చాపెను. అప్పుడామె ఎత్తుకొనలేకపోయెను.

మేమిద్దరము ఆ వారములోనే వారి యింటికి వెళ్లితిమి. ప్రార్థన చేసితిమి. ఆమె అంతా విని యిట్లనెను: "అయ్యగారూ, చావు తప్పించుకొని వచ్చాను. దేవునికి స్తోత్రం. కాని నా బిడ్డ చేతులు చాపితే నేనేం చెయ్యాలి? అది ఎవరూ చెప్పలేదు."

మాయొద్దను జవాబు లేకుండెను. ఇంటికి వచ్చిన తరువాత మాలో మేము చాల మాటలాడుకొంటిమి, ఆస్పత్రివారి నడిగితిమి, వాక్యమును వెదకితిమి. ఆ వెదకుటలో దొరికినదే ఈ పాఠము. మూత్రపిండముల వ్యాధి నేడు మన పల్లెలకు కొత్త కాదు. శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానము పేరు విననివారు అరుదు. అక్కడి బాధ మూలముననే 2023లో పలాసలో ఈ వ్యాధి నిమిత్తము ప్రత్యేకమైన ఆస్పత్రి తెరువబడినది. కాబట్టి ఇట్టి తల్లియో తండ్రియో మీ సంఘములోను ఉండవచ్చును.

మొదట ఆ అవయవమును గూర్చి కొంచెము. దేవుడు నరుల అంతరింద్రియములను పరీక్షించువాడని కీర్తనలలోను యిర్మీయా గ్రంథములోను చదువుచున్నాము గదా. అక్కడ హెబ్రీ మూలములోని మాటకు అక్షరార్థము మూత్రపిండములే. లేవీయకాండములో బలిపశువును గూర్చి చెప్పుచోట అదే మాటను మన తెలుగు బైబిలు మూత్రగ్రంథులని అనువదించినది. మనుష్యుని గూర్చి చెప్పుచోట మాత్రము అంతరింద్రియములనినది. మనుష్యుని రహస్యమైన తలంపులు అక్కడ ఉండునని పూర్వులు ఎంచిరి. పిడికెడంత పరిమాణము గల ఈ రెండు అవయవములు దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును రక్తమునుండి వడకట్టి, దాదాపు అంతయు తిరిగి దేహమునకే యిచ్చి, లీటరున్నరో రెండు లీటర్లో మాత్రమే మూత్రముగా బయటికి పంపును. ఆరోగ్యవంతునికి ఒకటి చాలును. అందుచేతనే తల్లి ఒకటి యిచ్చి తానును బ్రదుకగలదు.

కొత్త మూత్రపిండమును పాతవి యున్న వీపు వైపున పెట్టరు. పాతవాటిని తరచుగా తీసివేయరు కూడ. కొత్తదానిని పొత్తికడుపులో, ఎక్కువగా కుడి ప్రక్కన, తుంటి యెముకకు లోపలివైపున అమర్చుదురు. అది చర్మమునకును కండకును దిగువనే ఉండును. పక్కటెముకల కాపుదల దానికి లేదు. ఈ యొక్క సంగతి తెలిసినయెడల పసిబిడ్డ విషయములో తీసికొనవలసిన జాగ్రత్తలలో సగము వాటంతట అవే తెలియును. పరుగెత్తి వచ్చి కడుపుమీద దూకు బిడ్డ, నిద్రలో కాళ్లు తన్ను బిడ్డ, చంకలో కూర్చుండి తుంటిమీద మడమలతో పొడుచు బిడ్డ — ఏ తల్లికైనను ఇది మామూలే. ఈ తల్లికి మాత్రము ఇది అపాయము.

ఇక మాత్రల సంగతి. ఇక్కడ మేము ఒక తప్పు ఒప్పుకొనవలసియున్నది గనుక కొంచెము విస్తరించి చెప్పెదము.

మూత్రపిండము మార్పిడి లోకములో మొట్టమొదట సఫలమైనది 1954 డిసెంబరులో, అమెరికాలోని బోస్టను నగరములో. డాక్టరు జోసెఫ్ మర్రే అను ఆయన రోనాల్డ్ హెర్రిక్ అను యువకుని మూత్రపిండమును అతని కవల సోదరుడైన రిచర్డుకు అమర్చెను. రిచర్డు తరువాత తనకు పరిచర్య చేసిన నర్సునే వివాహమాడి, ఇద్దరు బిడ్డలకు తండ్రియై, ఎనిమిది సంవత్సరములు బ్రదికెను. 1956లో ఈడిత్ హెల్మ్ అను స్త్రీ తన కవల సోదరి మూత్రపిండమును పొంది, 1958లో తల్లి ఆయెను. మార్పిడి తరువాత బిడ్డను కనిన మొదటి స్త్రీ ఆమెయే. ఆమె 2011 వరకు జీవించెను. మన దేశములో ఈ చికిత్స 1971లో వేలూరులోని క్రైస్తవ వైద్య కళాశాలలో సఫలమైనది. డాక్టరమ్మ ఐడా స్కడ్డరు స్థాపించిన ఆ ఆస్పత్రికి మన చిత్తూరు, నెల్లూరు ప్రాంతముల విశ్వాసులు తరతరములుగా పోవుచునే యున్నారు.

ఆ మొదటివారు ఒకే పోలిక గల కవలలని గమనింపుడి. వారి దేహములు ఒకదానికొకటి పరాయివి కావు. గనుక వచ్చిన అవయవమును దేహము తిరస్కరింపలేదు. మిగిలినవారి సంగతి అట్లు కాదు. కన్నతల్లి ఇచ్చినను, బిడ్డ దేహములో తల్లి పాలు సగమే, తండ్రి పాలు సగము. మనలను రోగములనుండి కాపాడుటకు దేవుడు దేహములో ఉంచిన కావలి, ఆ తెలియని సగమును చూచి శత్రువు వచ్చెనని దానిమీద పడును. ఆ కావలిని అణచి యుంచుటకే టాక్రోలిమస్, మైకోఫినోలేట్, ప్రెడ్నిసొలోన్ మొదలైన మందులు. కొన్నిటిని పండ్రెండేసి గంటలకు ఒకమారు, అదే వేళకు, అవయవము పని చేయుచున్నంత కాలము మ్రింగవలెను. బాగున్నదని మానుటకు లేదు. బాగుండుట ఆ మాత్రల వలననే.

ఊరిలో జనులు ఏమందురు? "కన్నతల్లి కిడ్నీయే కదా, ఇంకా బిళ్లలెందుకు?" అందురు. ఇది అజ్ఞానము, క్షమింపవచ్చును. కాని ఆమె ఇల్లు చేరిన రెండవ నెలలో పొరుగూరినుండి వచ్చిన యొక బోధకుడు కూటములో ఆమెను నిలువబెట్టి, తలమీద చెయ్యి యుంచి, స్వస్థత కలిగినది గనుక మాత్రలు మానుటయే విశ్వాసమునకు గురుతని చెప్పెను. ఆ కూటములో మేమును ముందువరుసలో కూర్చుండి యుంటిమి. అది సరికాదని మాకు తెలియును. అతిథిని అందరి యెదుట ఎదిరించుట మర్యాద కాదని నోరు మెదపక యుంటిమి. తరువాత చెప్పవచ్చుననుకొంటిమి. చెప్పుటకు వెళ్లునప్పటికి ఐదు దినములు గడిచెను. ఆ ఐదు దినములు ఆమె మాత్రలు వేసికొనలేదు.

ఆమెకు నొప్పి లేదు, జ్వరము లేదు. మూత్రము కొంచెము తగ్గినట్లు మాత్రము ఆమెకే అనుమానము. రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.1 ఉండవలసినది 2.3కు ఎక్కియుండెను. వెంటనే పట్టణమునకు తీసికొనిపోయి, మూడు దినములు నరములోనికి మందు ఎక్కించిరి. అది 1.6కు దిగి అక్కడ ఆగెను. మునుపటి అంకెకు మరల రాలేదు. మేము మౌనముగా కూర్చున్న ఆ కొన్ని నిమిషముల వెల ఆమె దేహములో నేటికిని ఉన్నది. బిడ్డ మరల పండ్రెండు దినములు తల్లి లేక నుండెను.

హిజ్కియా రాజు మరణకరమైన రోగముతో పడియుండి కన్నీళ్లతో ప్రార్థించినప్పుడు, దేవుడు అతని ఆయుష్షును పదునైదు సంవత్సరములు పొడిగింతునని సెలవిచ్చెను. ఆ మాట పలికిన ప్రవక్తయే అంజూరపు పండ్ల ముద్దను పుండుమీద కట్టుమని చెప్పెను. యెషయా గ్రంథము ముప్పది యెనిమిదవ అధ్యాయములో రెండును ఉన్నవి. అంజూరపు ముద్దను తీసి పారవేసి తన విశ్వాసమును చూపుమని యెషయా రాజుతో చెప్పలేదు. సంఘ కాపరులును పెద్దలును ఈ సంగతిని జనులకు స్పష్టముగా బోధింపవలెను. కూటములోనే, అప్పుడే బోధింపవలెను. ఇది మా అనుభవము.

మాత్రల విషయములో ఇంకొక జాగ్రత్త బిడ్డను గూర్చినది. రెండేండ్ల బిడ్డకు తల్లి నోట వేసికొనునది ఏదైనను తినుబండారమే. రంగు మాత్రలు మిఠాయి బిళ్లలవలెనే కనబడును. దిండు క్రింద, కిటికీ గూటిలో, చేతిసంచిలో ఉంచకూడదు. తాళము గల పెట్టెలో, బిడ్డ చేయి అందని యెత్తున ఉంచవలెను. బిడ్డ చూచుచుండగా మ్రింగకుండుట మేలు. ఒకవేళ బిడ్డ మ్రింగినయెడల ఉప్పునీరు త్రాగించుచు కాలయాపన చేయక, మాత్రల అట్టతో సహా ఆస్పత్రికి పరుగెత్తవలెను. వేళ తప్పకుండ సెల్‌ఫోనులో గంట పెట్టుకొనుట అందరికిని తెలిసినదే. రక్తములో టాక్రోలిమస్ ఎంత యున్నదో చూచు దినమున మాత్రము ఉదయపు మాత్రను రక్తము ఇచ్చిన తరువాతనే వేసికొనవలెను. ముందు వేసికొన్నయెడల ఆ లెక్క తప్పగును.

ఇప్పుడు ఆ సహోదరి ప్రశ్నకు వత్తము.

శస్త్రచికిత్స తరువాత ఆరు లేక ఎనిమిది వారములు నాలుగైదు కిలోలకు మించిన బరువు ఎత్తకూడదని సాధారణముగా చెప్పుదురు. గాయము ఆలస్యముగా మానినచో ఇంకను పొడిగింతురు. ఈమెకు అట్లే పొడిగించిరి. ఆమె బిడ్డ పదునొకండు కిలోలున్నాడు. ఇచ్చిన అమ్మమ్మకు సహితము మొదటి నెల, నెలన్నర బరువులెత్తుట నిషిద్ధమే. బిడ్డకు అందరికంటె ప్రియులైన యిద్దరు స్త్రీలు ఒకేమారు వాడిని ఎత్తుకొనలేనివారగుదురు. శస్త్రచికిత్సకు డబ్బు ఎక్కడనుండి తేవలెనని నెలల తరబడి ఆలోచించు కుటుంబములు ఈ సంగతి ఒక్క నిమిషమైనను ఆలోచింపవు. మేమును ఆలోచింపలేదు.

నిర్గమకాండములో మోషే కొండమీద చేతులెత్తి నిలిచెను. చేతులు బరువెక్కెను. అప్పుడు అహరోనును హూరును ఏమి చేసిరి? నీవు దిగిపొమ్ము, మేమే చేతులెత్తెదమని చెప్పలేదు. మొదట ఒక రాయి తెచ్చి అతనిని దానిమీద కూర్చుండబెట్టిరి. తరువాత చెరియొక ప్రక్కన నిలిచి ఆ చేతులనే ఆదుకొనిరి. చేతులు మోషేవే. పని మోషేదే. రాయి మాత్రము వారు తెచ్చినది. ఎంత పర్యాయములు ఈ భాగము ప్రసంగించినను ఆ రాయి మా కంట పడలేదు; ఆ సహోదరి మూలముగా పడినది.

ఆమెకు మేము చెప్పినది ఇది. నీవు నిలుచుండి వాడిని ఎత్తుకొనలేవు. కూర్చుండి వాడిని చేర్చుకొనగలవు. గోడకు చేరగిలబడి పీటమీద కూర్చుండుము. కొత్త మూత్రపిండము కుడి ప్రక్కన ఉన్నది గనుక పొత్తికడుపుమీద చిన్న మెత్తటి దిండు అడ్డము పెట్టుకొని, వాడిని ఎడమ తొడమీదికి ఎక్కనిమ్ము. వాడే ఎక్కవలెను, లేదా మరియొకరు ఎత్తి నీ యొడిలో పెట్టవలెను. నీవు వంగి లాగకూడదు. రాత్రి వాడు నీ ఎడమ ప్రక్కన పండుకొనవలెను, మధ్యను దిండు ఉండవలెను. నడుచునప్పుడు వ్రేలు పట్టుకొనుము. డాక్టరు సెలవిచ్చిన పిమ్మట కొంచెము కొంచెముగా ఎత్తుకొనవచ్చును. ఇది శాశ్వతము కాదు.

మూడు నెలలు కనబడక పోయిన తల్లియొద్దకు బిడ్డ వెంటనే రానియెడల అది వాడి మొండితనము కాదు, ప్రేమ తక్కువగుటయు కాదు. ఆ ఈడు బిడ్డకు రేపు అను మాట తెలియదు. పోయినవారు మరల వత్తురను నమ్మకము ఇంకను కుదురుచున్న కాలమది. బలవంతముగా చేతిలో పెట్టిన వాడు ఇంకను దూరమగును. ఒకే గదిలో కూర్చుండి, వాడు ఆడుకొనుచుండగా పేరు పెట్టి మాటలాడుచు, ప్రతిదినము ఒకే వేళకు ఒకే పని — బువ్వ తినిపించుటయో, నిద్రపుచ్చుటకు పాట పాడుటయో — తల్లిది అని ఏర్పరచినయెడల కొన్ని వారములలో వాడే వచ్చును. ముఖపు గుడ్డను వాడి బొమ్మకును కట్టి చూపవచ్చును. "అమ్మ బొజ్జకి దెబ్బ తగిలింది, మెల్లగా" అను మాట రెండేండ్లవాడు సహితము నేర్చుకొనును. ఈ బిడ్డ అట్లే నేర్చుకొని, కొన్నాళ్లు దారిన పోవువారి బొజ్జలన్నిటిని మెల్లగా నిమిరెను.

ఇంటివారు గ్రహింపవలసినది మరియొకటి. ప్రెడ్నిసొలోన్ మనస్సును సహితము కదలించును. నిద్ర చెడును, కోపము త్వరగా వచ్చును, కారణము లేక ఏడ్పు వచ్చును. తల్లి బిడ్డపై ఒక్క మాట కసరి, పిమ్మట గంటసేపు ఏడ్చి, ఆ బాధ తీర్చుకొనుటకు అడిగిన బిస్కత్తులన్నియు ఇచ్చి, చేతిలో సెల్‌ఫోను పెట్టును. బిడ్డకు గద్దింపును లాలనయు రెండును తలక్రిందులగును. ఆమె నేరము కాదు ఇది. భర్తయు అత్తయు ఆ వేళ కొంచెము సేపు బిడ్డను బయటికి తీసికొనిపోయినచో చాలును. మనస్సు మరీ క్రుంగినయెడల డాక్టరుతో చెప్పవలెను. దానికిని చికిత్స కలదు.

రోగములను గూర్చి. కావలి అణచబడిన దేహమునకు పసిబిడ్డ జలుబు సహితము పెద్ద శత్రువు, విశేషముగా మొదటి ఆరు నెలలు. బిడ్డ తినగా మిగిలిన ముద్దను తల్లి తినుట మన ఇండ్లలో ప్రేమకు గురుతు. ఈ తల్లి అట్లు చేయకూడదు. పసివారి ఉమ్మిలోను మూత్రములోను వారికేమియు హాని చేయని కొన్ని క్రిములు ఉండి, ఆమెకు మిక్కిలి హాని చేయగలవు. వేరు పళ్లెము, వేరు గ్లాసు. ముద్దు నెత్తిమీద, నోటిమీద కాదు. బిడ్డకు కడుగు పని మొదటి నెలలలో మరియొకరు చేయవలెను. తప్పనప్పుడు తొడుగులు వేసికొని చేసి, సబ్బుతో చేతులు రుద్ది కడుగుకొనవలెను. వాకిట కళ్లాపి చల్లుట, పేడ యెత్తుట, కోళ్ల గూడు ఊడ్చుట ఆమె పని కాదు. కాచి చల్లార్చిన నీళ్లు, వేడిగా వండిన అన్నము, కాచిన పాలు. పంపరపనస పండు టాక్రోలిమస్‌ను రక్తములో హెచ్చించును గనుక తినరాదు. నాటుమందులును, దుకాణములో దొరకు ఒళ్లునొప్పుల మాత్రలును మూత్రపిండమునకు విషమువంటివి.

టీకాల విషయములో రెండు పొరపాట్లు జరుగుచున్నవి. తల్లి బలహీనురాలని భయపడి బిడ్డకు టీకాలన్నియు మానుట మొదటిది. ఇది విపరీతము, బిడ్డ టీకా తల్లికి కోటవంటిది. తొమ్మిదవ నెలలోను, పదునారునుండి ఇరువది నాలుగు నెలల మధ్యను ఇచ్చు తట్టు, రుబెల్లా టీకా తప్పక వేయించవలెను. ఆటలమ్మ టీకా ప్రభుత్వపు పట్టికలో లేదు గాని డబ్బిచ్చియైనను వేయించుట మంచిది. రెండవ పొరపాటు పోలియో నోటి చుక్కలను గూర్చి ఎవరికిని చెప్పకుండుట. ఆ చుక్కలలో బలహీనపరచిన క్రిమి సజీవముగా ఉండి, బిడ్డ మలములో కొన్ని వారములు వెలువడును. మార్పిడి జరిగిన యింటిలోని బిడ్డకు సూది రూపములోని పోలియో టీకాయే తగినది. ఆదివారమున గుడి వరండాలో చుక్కలు వేయు దినమున, నర్సమ్మతో ముందుగా ఈ మాట చెప్పి డాక్టరు సలహా పొందవలెను. తెలియక వేయించియుంటే భయపడక, తల్లి కొన్ని వారములు బిడ్డ మలమును ముట్టకుండవలెను.

తల్లికి జ్వరము 100.4 డిగ్రీలు తాకినయెడల రేపు చూతమనరాదు. ఇంటిలోగాని పొరుగునగాని ఎవరికైనను ఆటలమ్మ, తట్టు పోసినయెడల, ఆమె వారి దగ్గరకు వెళ్లియుంటే ఆ దినమే ఆస్పత్రికి ఫోను చేయవలెను. మూత్రము తగ్గుట, కాళ్లు వాచుట, ఒక్కసారిగా బరువు హెచ్చుట, కుట్టు ప్రక్కన నొప్పి — ఇవి హెచ్చరికలు. పైన చెప్పినట్లు ఏ హెచ్చరికయు లేకుండ కూడ అవయవము చెడవచ్చును గనుక రక్తపరీక్ష తేదీ తప్పరాదు. దంపతులు మరియొక బిడ్డను కోరినయెడల ముందుగా డాక్టరుతో మాటలాడవలెను. మార్పిడి జరిగి కనీసము ఒక సంవత్సరము గడువవలెను. మైకోఫినోలేట్ గర్భములోని శిశువునకు హానికరము, దానిని ముందే మార్పవలసియుండును.

ఇప్పుడు రూతు గ్రంథము. రూతు కనిన బిడ్డను అత్తయైన నయోమి తీసికొని, కౌగిట నుంచుకొని, దాదియైనది. ఇరుగుపొరుగు స్త్రీలు నయోమికి కుమారుడు పుట్టెననిరి. ఈ మాట విని రూతు ఏమనుకొనెనో గ్రంథము చెప్పదు. మా సహోదరి మాత్రము చెప్పినది. బావి దగ్గర ఒకరు నవ్వులాటకు, "వీడు నీ కొడుకెక్కడ, నాయనమ్మ కొడుకే" అనిరట. ఆ రాత్రి ఆమె అన్నము తినలేదు. అక్కలారా, ఆ హాస్యమును మానుడి. అత్తగారు మాత్రము జ్ఞానవంతురాలు. బిడ్డ ఏడ్చినప్పుడెల్ల ఎత్తుకొని తనయొద్ద ఉంచుకొనక, తెచ్చి కోడలి యొడిలో దింపి, "ఇదుగోనమ్మా, నీ కొడుకు నిన్నే అడుగుతున్నాడు" అనుచు ప్రక్కకు తప్పుకొనును. దాదియనగా అట్టిది.

తండ్రులకును ఒక మాట. మన పల్లెలలో మగవాడు బిడ్డను చంక నెత్తుకొని వీధిలో నడుచుటకు సిగ్గుపడుట ఇంకను అక్కడక్కడ ఉన్నది. అరణ్యములో దేవుడు ఇశ్రాయేలును ఎట్లు మోసెనో ద్వితీయోపదేశకాండము మొదటి అధ్యాయము చెప్పునప్పుడు, అక్కడ పోలికగా చెప్పబడినవాడు కుమారుని ఎత్తుకొన్న తండ్రియే. మన దేశములో బ్రదికియుండి మూత్రపిండము ఇచ్చువారిలో ఎక్కువమంది స్త్రీలు, పొందువారిలో ఎక్కువమంది పురుషులు. ఇచ్చునప్పుడు తల్లియో భార్యయో ముందుకు వచ్చుచున్నది. ఒక ఆడబిడ్డ పొందినప్పుడు కనీసము ఆమె బిడ్డను మోయు పనికైనను పురుషులు ముందుకు రావలదా?

సంఘము చేయగలదానిని మేము చేసి చూచి చెప్పుచున్నాము. మొదటి వారములలో పరామర్శకు గుంపుగా పోయితిమి, అది తప్పు. దగ్గు, జలుబు, కడుపుజబ్బు ఉన్నవారు వాకిటనే ఆగవలెను; తక్కినవారు ఇద్దరికి మించి పోరాదు, కాళ్లు చేతులు కడుగుకొని పోవలెను. ప్రభువు బల్లయొద్ద అందరు త్రాగు పాత్ర ఆమెకు తగదు. మా కాపరి ఆమెకు వేరు చిన్న పాత్రలో ఇచ్చుచున్నారు, దానిని గూర్చి ఎవరును గొణుగలేదు. స్త్రీల సమాజమువారు సాయంకాలములు వంతులు వేసికొనిరి. వంతు వచ్చినవారు పోయి వంట చేయరు, అంట్లు తోమరు. బిడ్డను గంటసేపు ఎత్తుకొని చెరువు గట్టునకు తీసికొనిపోయి, కొంగలను చూపించి, తిరిగి తెచ్చి తల్లి యొడిలో దింపుదురు. ఆ గంట ఆమె నిద్రించును. ఒక ముసలి తాత మంగళవారపు వంతు తనకే యిమ్మని పట్టుబట్టి తీసికొనెను. ఇతరులెవరికైనను ఇచ్చెదమన్న ఊరుకొనడు.

శస్త్రచికిత్స జరిగి ఇప్పటికి తొమ్మిది నెలలు. క్రియాటినిన్ 1.6 దగ్గర నిలిచియున్నది. కొంచెము దూరము ఎత్తుకొనవచ్చునని డాక్టరు సెలవిచ్చిరి. పోయిన ఆదివారము మేము వారి యింటికి వెళ్లినప్పుడు ఆమె సంతోషముతో చేతులు చాపి వాడిని పిలిచెను. వాడు ఆమె వైపు చూచెను గాని రాలేదు. గబగబ లోపలికి పరుగెత్తెను. ఏమాయెనని చూచుచుండగా, రెండు చేతులతో పీటను ఈడ్చుకొనుచు తెచ్చి, గోడ ప్రక్కన పెట్టి, దానిమీద తట్టి, "అమ్మా, కూచో" అనెను. ఆమె కూర్చుండెను.